నడుస్తున్న ఇండెక్సింగ్‌కు తూము కట్టిన డైరీ: ఒక పాత కంప్యూటర్, 45,300 స్కాన్ పేజీలు

ఒకే కంప్యూటర్ మీద ముందు కౌంటర్ పని, వెనకాల సెర్చ్ ఇండెక్సింగ్ (ఏ మాట ఏ ఫైల్లో ఉందో జాబితా కట్టడం) రెండూ నడవాల్సిన వాళ్ల కోసం ఈ డైరీ. మా ఊరి లైబ్రరీలో ఈ పనికి 13 పని రోజులు పట్టింది. మొదటి ఆరు రోజులూ తప్పుల్లోనే పోయాయి కాబట్టి వాటి గురించే ఎక్కువ రాశాను. ఆ ఆరు రోజులు మీకైనా మిగలాలి.

కమాండ్లను చదివినట్టే తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం వాటి ఇంగ్లిష్ స్పెల్లింగే కొట్టాలి.

సరంజామా

కంప్యూటర్: రెండు కోర్లు, నాలుగు థ్రెడ్ల పాత ఐ3. 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్ (ఎస్ఎస్‌డీ కాదు), ఉబుంటు 22.04. పుస్తకాలు ఇచ్చే, తీసుకునే సాఫ్ట్‌వేర్ ఇందులోనే బ్రౌజర్‌లో నడుస్తుంది. లైబ్రరీ ఉదయం 8 నుంచి 11, సాయంత్రం 4 నుంచి 7. మధ్యాహ్నం కంప్యూటర్ ఆన్‌లో ఉంచడానికి ఒప్పుకున్నారు, రాత్రి మాత్రం మెయిన్ ఆపేసి తాళం వేస్తారు.

సెర్చ్ కోసం రీకాల్. లోపల జేపియన్ ఇంజిన్ ఉంటుంది. స్కాన్ పేజీలను అక్షరాలుగా మార్చడానికి (దీన్నే ఓసీఆర్ అంటారు) టెసరాక్ట్, తెలుగు డేటాతో.

సరుకు: పాత పత్రికల బౌండ్ వాల్యూములు, సావనీర్లు, స్థానిక చరిత్ర పుస్తకాలు. మొత్తం 1,240 పీడీఎఫ్ ఫైళ్లు, 58,300 పేజీలు. పీడీఎఫ్‌ఇన్ఫో అనే చిన్న ప్రోగ్రామ్‌తో ఒక్కో ఫైలు పేజీల సంఖ్య ముందే జాబితా తీసి పెట్టుకున్నాను. కింద ఇచ్చిన మొత్తాలన్నీ ఆ జాబితా నుంచే.

- అసలైన యూనికోడ్ అక్షరాలున్నవి: 210 ఫైళ్లు, 9,100 పేజీలు
- వట్టి స్కాన్ బొమ్మలు: 946 ఫైళ్లు, 45,300 పేజీలు
- యూనికోడ్‌కు ముందటి ఫాంట్లతో టైప్ చేసినవి: 84 ఫైళ్లు, 3,900 పేజీలు (వీటి కథ చివర)

మొదటి రకం గంటలోపే అయిపోయింది, దాని గురించి చెప్పేదేమీ లేదు. డైరీ అంతా రెండో రకం గురించే.

కొలత: కౌంటర్‌లో సభ్యత్వ నంబర్ కొట్టి ఎంటర్ నొక్కినప్పటి నుంచి కార్డు వివరాలు తెరమీదకు వచ్చేదాకా ఫోన్ స్టాప్‌వాచ్‌తో పట్టిన సమయం. పదిసార్లు పట్టి సగటు తీశాను. ఇండెక్సింగ్ లేనప్పుడు 1.8 సెకన్లు. ఈ ఒక్క అంకె ముందే రాసి పెట్టుకోకపోతే తర్వాత చేసిన ఏ మార్పు పనిచేసిందో తెలిసేది కాదు.

రోజు 1: అడ్డూ అదుపూ లేకుండా

1. రీకాల్ సెట్టింగుల ఫైల్లో పీడీఎఫ్ఓసీఆర్ = 1, ఓసీఆర్‌ప్రోగ్స్ = టెసరాక్ట్, టెసరాక్ట్‌ల్యాంగ్ = టెల్ అని రాశాను.
2. టాప్‌డిర్స్ దగ్గర స్కాన్ల ఫోల్డర్ ఇచ్చాను.
3. టెర్మినల్‌లో రీకాల్‌ఇండెక్స్ అని కొట్టాను.

ఉదయం 8:40కి మొదలుపెడితే 10:15కి లైబ్రేరియన్ మేడం పిలిచారు. "బాబూ, కార్డు తెరుచుకోవడం లేదు, లైన్లో నలుగురున్నారు." స్టాప్‌వాచ్ పట్టి చూస్తే 14 సెకన్లు. మౌస్ బాణం కూడా ఆగి ఆగి కదులుతోంది. వెంటనే ఆపేశాను.

కౌంటర్: 14 సెకన్లు. ఇప్పటికి: 620 / 45,300.

రోజు 2: నైస్ 19

అందరూ ముందు చెప్పే మందు ఇదే కదా. నైస్ విలువ ఎంత పెంచితే ఆ ప్రోగ్రామ్ ప్రాధాన్యం అంత తగ్గుతుంది, 19 అన్నిటికన్నా కింద. నైస్ -ఎన్ 19 రీకాల్‌ఇండెక్స్ అని నడిపాను. కౌంటర్ 13.5 సెకన్లు. తేడా లేనట్టే.

ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూపే టాప్ తెరిచి, అందులో ఎన్ఐ అనే గడి చూశాక కారణం కొంత తెలిసింది. రీకాల్ ఇండెక్సర్ తనంతట తానే 19 దగ్గర నడుస్తుంది. సెట్టింగుల్లో ఐడీఎక్స్‌నైస్‌ప్రయో అని ఉంది, దాని డిఫాల్టే 19. అంటే మొదటి రోజు కూడా నైస్ 19తోనే నడిచింది. నేను కొత్తగా చేసిందేమీ లేదు.

అసలు విషయం ఇంకొకటి. నైస్ చూసేది వంతు ఒక్కటే. ఎంత వాడుకోవాలో అది చూడదు. క్యూలో చివర నిలబడ్డ మనిషికి ముందు ఎవరూ లేకపోతే ఉన్న నీళ్లన్నీ తనే పట్టుకుంటాడు కదా, నైస్ 19 ప్రోగ్రామ్ కూడా అంతే. ఖాళీ సీపీయూ కనిపిస్తే మొత్తం వాడేస్తుంది. ర్యామ్ విషయంలో నైస్‌కు సంబంధమే లేదు. మనకు కావాల్సింది క్యూ కాదు, తూము. తలుపు ఎంత ఎత్తితే అంతే నీరు రావాలి, నీరు పారుతుండగానే ఆ తలుపును దించగలగాలి.

ఐఓనైస్ కూడా చూశాను. డిస్కు చదవడంలో వెనక నిలబెడుతుంది. కానీ మామూలు రాతలను కెర్నెల్ (లైనక్స్ గుండెకాయ) తర్వాత తీరిక చూసుకుని తానే డిస్కు మీదకు పంపిస్తుంది కాబట్టి వాటికి ఆ ప్రాధాన్యం వర్తించదు. మాకు 12.9 సెకన్లు వచ్చింది. వదిలేశాను.

కౌంటర్: 13.5 సెకన్లు. ఆ రోజు 590 పేజీలు. ఇప్పటికి: 1,210 / 45,300.

రోజు 3: కోటా ఇచ్చాను, పట్టించుకోలేదు

లైనక్స్‌లో తూము లాంటిది సీగ్రూప్: ప్రోగ్రామ్‌లను గుంపుగా కట్టి, ఆ గుంపు ఎంత వాడుకోవచ్చో హద్దు పెడుతుంది. లైనక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ ద్వారా దాన్ని వాడటం తేలిక. సిస్టమ్‌డీ-రన్ --యూజర్ --స్కోప్ -పీ సీపీయూకోటా=50% రీకాల్‌ఇండెక్స్ అని కొట్టాను. ఎర్రర్ ఏమీ రాలేదు. మధ్యాహ్నం మూసి ఉన్న వేళ ఐదు గంటలు నడిచింది. టాప్‌లో చూస్తే నాలుగు థ్రెడ్లూ నిండుగా ఉన్నాయి.

ఎర్రర్ రానందువల్లే చాలాసేపు పోయింది. సెట్టింగ్ పడిందా అని అడిగితే సిస్టమ్‌డీ పడిందనే చెబుతుంది. కెర్నెల్ వరకు అది చేరలేదు. చూడాల్సిన చోటు ఇది:

1. /సిస్/ఎఫ్ఎస్/సీగ్రూప్ కింద యూజర్.స్లైస్ (స్లైస్ అంటే సీగ్రూప్‌లో ఒక గుంపు), అందులో మన యూజర్ నంబర్ ఉన్న స్లైస్, అందులో యూజర్@ సర్వీస్ ఫోల్డర్‌కు వెళ్లాలి.
2. సీగ్రూప్.కంట్రోలర్స్ అనే ఫైలును క్యాట్‌తో చదవాలి.
3. అందులో సీపీయూ అనే మాట ఉండాలి.

మా దాంట్లో మెమరీ, పిడ్స్ రెండే ఉన్నాయి. మామూలు యూజర్‌కు సీపీయూ, ఐఓ కంట్రోలర్లను అప్పగించలేదన్నమాట. డెలిగేట్ అనే సెట్టింగ్‌తో అప్పగించవచ్చు. నేను ఆ దారిలో వెళ్లకుండా ఇండెక్సర్‌ను రూట్ (అన్ని అధికారాలున్న యూజర్) ద్వారా వేరే సర్వీసుగా నడపాలని నిర్ణయించుకున్నాను. ఈ నిర్ణయం పదకొండో రోజు చాలా పనికొచ్చింది.

ఆ రోజు 2,040 పేజీలు. ఇప్పటికి: 3,250 / 45,300.

రోజు 4: 50 శాతం అంటే సగం కాదు

సుడో సిస్టమ్‌డీ-రన్ --యూనిట్=సూచీ --స్లైస్=సూచీ --యూఐడీ=(మన యూజర్ పేరు) -పీ సీపీయూకోటా=50% రీకాల్‌ఇండెక్స్.

ఈసారి కోటా పడింది. ఉదయం 8 నుంచి సాయంత్రం 7 దాకా నడిపితే వచ్చినవి 680 పేజీలు. ఈ లెక్కన మిగిలిన వాటికి రెండు నెలలు పట్టాలి.

సీపీయూకోటాలో 100% అంటే ఒక థ్రెడ్ మొత్తం. మా కంప్యూటర్ మొత్తం 400%. నేను సగం ఇచ్చాననుకున్నది నిజానికి ఎనిమిదో వంతు. మీ కంప్యూటర్‌లో ఎన్‌ప్రాక్ అని కొడితే వచ్చే అంకెను వందతో గుణించండి, అదే మీ పూర్తి మొత్తం.

పేజీలు తక్కువైనా నన్ను ఆలోచింపజేసింది ఇంకో అంకె. సీపీయూను ఎనిమిదో వంతుకు కట్టేసినా కౌంటర్ సమయం 9.2 సెకన్లు ఉంది. సీపీయూ ఖాళీగా ఉన్నా కార్డు తెరుచుకోవడం లేదంటే ఆపుతున్నది సీపీయూ కాదు.

కౌంటర్: 9.2 సెకన్లు. ఇప్పటికి: 3,930 / 45,300.

రోజు 5: వీఎంస్టాట్, థ్రెడ్లు

ర్యామ్ కదలికలను రెండు సెకన్లకోసారి చూపే వీఎంస్టాట్ 2 అని కొట్టి పక్కన పెట్టుకుని, మేడంను కార్డు తెరవమన్నాను. ఆమె ఎంటర్ నొక్కిన క్షణంలో ఎస్ఐ అనే గడిలో అప్పటిదాకా ఉన్న సున్నా వేలల్లోకి ఎగిరింది. అది స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) నుంచి ర్యామ్‌లోకి వెనక్కి వస్తున్న లెక్క. ఇద్దరు సభ్యుల మధ్య ఐదు నిమిషాలు గ్యాప్ వస్తే చాలు, ఆ లోపు టెసరాక్ట్ బ్రౌజర్‌ను ర్యామ్‌లోంచి నెట్టేస్తోంది. మళ్లీ ఎంటర్ నొక్కినప్పుడు తిరిగే హార్డ్ డిస్కు మీద నుంచి బ్రౌజర్ ముక్కలు ముక్కలుగా వెనక్కి రావాలి. ఆ తొమ్మిది సెకన్లు అవే.

టెసరాక్ట్ ఇంత ర్యామ్ ఎందుకు తింటోందంటే, ఒకేసారి నాలుగు ఫైళ్లు నడుస్తున్నాయి. రీకాల్ థ్రెడ్లను తానే లెక్క కట్టుకుని పెట్టుకుంది. అది చాలదన్నట్టు ఒక్కో టెసరాక్ట్ మళ్లీ లోపల నాలుగు థ్రెడ్ల దాకా పెట్టుకుంటుంది. నాలుగు నాలుగుల పదహారు.

ముందు టెసరాక్ట్‌ను విడిగా, 40 పేజీల ఒక సావనీర్ మీద కొలిచాను:

- మామూలుగా: పేజీకి గడియారం మీద 6.1 సెకన్లు, సీపీయూ ఖర్చు 19 సెకన్లు
- ఓఎంపీ_థ్రెడ్_లిమిట్=1 పెట్టి: పేజీకి గడియారం మీద 8.8 సెకన్లు, సీపీయూ ఖర్చు 8.6 సెకన్లు

ఒక్క పేజీ కోసం ఎదురుచూసే వాళ్లకు మొదటిదే మేలు. వేల పేజీలు చేయాల్సిన మాకు రెండోది, ఎందుకంటే అదే సీపీయూతో రెట్టింపు పేజీలు వస్తాయి. ఈ 13 రోజుల్లో మార్చిన వాటిలో తక్కువ శ్రమకు ఎక్కువ ఫలితమిచ్చింది ఈ ఒక్క వేరియబులే.

తర్వాత రీకాల్ థ్రెడ్లు. టీహెచ్ఆర్‌టీకౌంట్స్ = 3 1 1 అని రాశాను. మార్పేమీ కనబడలేదు, మళ్లీ నాలుగే. మాన్యువల్ నిదానంగా చదివితే దొరికింది: టీహెచ్ఆర్‌క్యూసైజెస్ అనే ఇంకో వరసలో మొదటి అంకె 0 ఉంటే ఈ కౌంట్లను అసలు చూడదు, తానే నిర్ణయించుకుంటుంది. రెండూ కలిపి రాయాలి:

1. టీహెచ్ఆర్‌క్యూసైజెస్ = 2 2 2
2. టీహెచ్ఆర్‌టీకౌంట్స్ = 3 1 1

చివరి అంకె ఎప్పుడూ 1 ఉంచండి. జేపియన్‌లోకి రాసే పని ఒక్క థ్రెడే చేయగలదు.

ఆ రోజంతా పరీక్షలే, 300 పేజీలు. ఇప్పటికి: 4,230 / 45,300.

రోజు 6: మెమరీ గొంతు మరీ నొక్కేశాను

బ్రౌజర్‌ను కాపాడాలంటే ఇండెక్సర్ ర్యామ్‌కూ ఒక హద్దు ఉండాలి. సిస్టమ్‌డీలో రెండున్నాయి. మెమరీమ్యాక్స్ దాటితే కెర్నెల్ ప్రోగ్రామ్‌ను చంపుతుంది. మెమరీహై దాటితే చంపదు, నెమ్మదింపజేసి ర్యామ్ వెనక్కి లాక్కుంటుంది. మనకు రెండోదే కావాలి. 400ఎం ఇచ్చి ఉదయం 11కి వదిలాను.

ఒంటిగంటకు భోజనం చేసి వచ్చి చూస్తే రెండు గంటల్లో 380 పేజీలు. డిస్కు లైటు ఆరకుండా వెలుగుతోంది. 300 డీపీఐ పేజీ బొమ్మ ఒకటి విప్పి పెట్టుకుని పనిచేస్తున్న టెసరాక్ట్‌లు మూడు. వాటికి 400 ఎంబీ ఏ మూలకూ చాలదు. లాక్కున్న ర్యామ్‌నే మళ్లీ మళ్లీ డిస్కు నుంచి తెచ్చుకుంటున్నాయి.

ఇక్కడ మొదటిసారి తూము తలుపును నీరు పారుతుండగా కదిపాను. పని ఆపకుండానే:

సుడో సిస్టమ్‌సీటీఎల్ సెట్-ప్రాపర్టీ --రన్‌టైమ్ సూచీ.స్లైస్ మెమరీహై=1200ఎం

(400ఎం పెట్టింది సర్వీసు మీద. దాన్ని కూడా ఇలాగే ఇన్ఫినిటీ చేసి, ఇక మీదట హద్దులన్నీ స్లైస్ మీదే పెట్టాను. రెండు చోట్లా ఉంటే చిన్నదే చెల్లుతుంది.)

నిమిషంలో డిస్కు లైటు నెమ్మదించింది. తర్వాతి మూడు గంటల్లో 2,640 పేజీలు, గంటకు 880. మొదటి రోజు అడ్డూ అదుపూ లేకుండా నడిపినప్పుడు గంటకు 400. హద్దులు పెట్టాక వేగం రెట్టింపైంది.

సాయంత్రం కౌంటర్: 2.3 సెకన్లు. ఇప్పటికి: 7,250 / 45,300.

రోజులు 7, 8: వేళ ప్రకారం తూము

ఇక మిగిలింది వేళలు. చెప్పిన వేళకు కమాండ్లు నడిపేది క్రాన్. రూట్ క్రాన్‌లో మూడు వరసలు:

1. ఉదయం 7:55కి సీపీయూకోటా=60%
2. ఉదయం 11:05కి సీపీయూకోటా=300%
3. మధ్యాహ్నం 3:55కి సీపీయూకోటా=60%

స్లైస్‌కు సీపీయూవెయిట్=10 కూడా ఇచ్చాను. ఇండెక్సర్‌ను వేరే స్లైస్‌లో పెట్టాక బ్రౌజర్‌తో పోటీలో దాని నైస్ అంకెకు విలువ ఉండదు. నైస్ ఒకే గ్రూపు లోపలి వరస. రెండు గ్రూపుల మధ్య తేల్చేది వెయిట్. డిఫాల్ట్ 100 కాబట్టి 10 అంటే బాగా వెనక్కి.

సాయంత్రం 6:45కి సుడో సిస్టమ్‌సీటీఎల్ స్టాప్ సూచీ. మర్నాడు మళ్లీ మొదలుపెడితే అయిపోయిన ఫైళ్లను వదిలేసి మిగిలినవే పట్టుకుంటుంది.

రోజు 7: 5,480. రోజు 8: 5,610. కౌంటర్ 2.2 సెకన్లు. ఇప్పటికి: 18,340 / 45,300.

రోజు 9: కరెంటు పోయింది

మధ్యాహ్నం 2:50కి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. 4:10కి వచ్చింది. అప్పటికి ఆ రోజు ఓసీఆర్ అయిన పేజీలు 4,090. జేపియన్-డెల్వ్‌తో ఇండెక్స్‌లో ఎన్ని డాక్యుమెంట్లున్నాయో అడిగితే ఉదయం ఎన్నో ఇప్పుడూ అన్నే. ఆ రోజు పనిలో ఒక్క ఫైలూ ఇండెక్స్‌లోకి చేరలేదు. నిజంగా టెన్షన్ పడ్డాను.

కారణం ఐడీఎక్స్‌ఫ్లష్‌ఎంబీ. ఎంత కొత్త టెక్స్ట్ పోగయ్యాక డిస్కు మీదకు రాయాలో చెప్పే అంకె, మాకు వచ్చిన డిఫాల్ట్ 50 ఎంబీ. మామూలు డాక్యుమెంట్లకు 50 ఎంబీ కొద్ది నిమిషాల్లో నిండుతుంది. ఓసీఆర్‌లో అలా కాదు. తెలుగు అక్షరం, గుణింతం గుర్తు ఒక్కోటీ యూటీఎఫ్-8లో మూడు బైట్లు. మా పేజీలో సగటున అలాంటివి 1,500, అంటే 4.5 కేబీ. 4,090 పేజీలు కలిపినా 18 ఎంబీయే. రోజంతా పనిచేసినా 50 నిండదు. రోజూ సాయంత్రం సరిగ్గా ఆపుతున్నాను కాబట్టి అప్పుడు రాసుకుంటోంది, నాకు తెలియలేదు.

కాపాడింది ఓసీఆర్ క్యాష్. పూర్తయిన ప్రతి ఫైలు ఓసీఆర్ ఫలితాన్ని రీకాల్ ఇండెక్స్‌తో సంబంధం లేకుండా విడిగా దాచుకుంటుంది. మళ్లీ నడిపితే 4,090 పేజీలనూ క్యాష్ నుంచి ఆరు నిమిషాల్లో ఎక్కించేసింది. సగంలో ఉన్న మూడు ఫైళ్లను మాత్రం మొదటి నుంచి చేసింది.

మార్పులు:

1. ఐడీఎక్స్‌ఫ్లష్‌ఎంబీ = 10. సుమారు 2,200 పేజీలకోసారి రాస్తుంది. రాసే ఆ కొద్ది సెకన్లు డిస్కు బిజీగా ఉన్నా కౌంటర్‌లో తేడా కొలవదగ్గంత రాలేదు.
2. ఓసీఆర్ క్యాష్ ఫోల్డర్‌ను రోజూ సాయంత్రం పెన్‌డ్రైవ్‌లోకి ఆర్‌సింక్‌తో కాపీ. ఇండెక్స్ పోయినా గంటలో కట్టుకోవచ్చు. ఈ క్యాష్ పోతే మళ్లీ రోజులు.

ఇప్పటికి: 23,130 / 45,300.

రోజు 10: తనను తానే బిగించుకున్న తూము

శుక్రవారం సెలవు పోను, శనివారం. కౌంటర్ దగ్గర కూర్చుని గమనిస్తే లైబ్రరీ తెరిచి ఉన్న ఆరు గంటల్లోనూ ఎక్కువ సేపు ఎవరూ కార్డు అడగరు. పేపర్లు చదువుకునేవాళ్లే ఎక్కువ. ఆ ఖాళీ అంతా 60 శాతానికి కట్టేయడం నష్టం. అవసరాన్ని బట్టి తూము తానే కదిలితే బాగుంటుంది.

లైనక్స్‌లో పీఎస్ఐ అని ఒక కొలత ఉంది. /ప్రాక్/ప్రెజర్/సీపీయూ ఫైలు చదివితే, గత పది సెకన్లలో ఎంత శాతం సమయం ఏదో ఒక పని సీపీయూ కోసం ఆగాల్సి వచ్చిందో చెబుతుంది. చిన్న షెల్ స్క్రిప్ట్ రాశాను: పది సెకన్లకోసారి ఆ అంకె చూడు. 5 దాటితే కోటా సగం చెయ్యి, 20 కన్నా దించకు. వరసగా మూడుసార్లు 1 కన్నా తక్కువుంటే 50 పెంచు, 300 దాటించకు.

పది నిమిషాల్లో కోటా 20కి పడిపోయి అక్కడే కూర్చుంది. మధ్యాహ్నం లైబ్రరీలో ఎవరూ లేకపోయినా లేవలేదు. ఆగి అంకెలు చూస్తే ప్రెజర్ 60 పైన ఉంది. ఎవరు ఆగుతున్నారు? ఇండెక్సరే. కోటా అయిపోయి ఆగిన పనిని కూడా పీఎస్ఐ సీపీయూ కోసం ఆగిన పనిగానే లెక్కేస్తుంది. తూము దించితే ఇండెక్సర్ ఆగుతుంది, అది ఆగితే ప్రెజర్ పెరుగుతుంది, ప్రెజర్ పెరిగిందని స్క్రిప్ట్ ఇంకా దించుతుంది.

ఆ రోజు 1,150 పేజీలు. ఇప్పటికి: 24,280 / 45,300.

రోజు 11: ఎవరి ఇబ్బంది కొలవాలో అది కొలవడం

మందు మూడో రోజు నిర్ణయంలోనే ఉంది. ఇండెక్సర్ వేరే స్లైస్‌లో ఉంది. బ్రౌజర్ యూజర్.స్లైస్‌లో ఉంది. సీగ్రూప్‌లో ప్రతి స్లైస్‌కూ దాని సొంత ప్రెజర్ ఫైలు ఉంటుంది. స్క్రిప్ట్‌లో ఒక్క దారి మార్చాను:

1. /ప్రాక్/ప్రెజర్/సీపీయూ తీసేసి, /సిస్/ఎఫ్ఎస్/సీగ్రూప్/యూజర్.స్లైస్/సీపీయూ.ప్రెజర్ పెట్టాను.
2. అదే ఫోల్డర్‌లోని మెమరీ.ప్రెజర్ కూడా చూసి, రెండింటిలో పెద్ద అంకెను తీసుకున్నాను.
3. దించేటప్పుడు వెంటనే, పెంచేటప్పుడు అర నిమిషం ఆగి. ఈ తేడా తప్పనిసరి, లేకపోతే తలుపు పైకీ కిందకీ ఊగుతూనే ఉంటుంది.
4. క్రాన్ వరసలు మూడూ తీసేశాను.

సాయంత్రం ఐదున్నరకు స్క్రిప్ట్ లాగ్ ఇలా ఉంది: 300, 300, 300, 150, 75, 75, 75, 125, 175... ఆ 150 దగ్గర ఎవరో పుస్తకం తెచ్చి ఇచ్చారు. ఇద్దరు ముగ్గురు వరసగా వచ్చారు, వెళ్లారు, తలుపు మళ్లీ లేచింది. అది 300 దగ్గర ఉన్న ఒక సమయంలో మేడం అడిగారు, "ఈ రోజు నీ పని నడవట్లేదా బాబూ, కంప్యూటర్ తేలిగ్గా ఉంది?"

కౌంటర్: 2.1 సెకన్లు. ఆ రోజు 7,900. ఇప్పటికి: 32,180 / 45,300.

రోజులు 12, 13

దేన్నీ ముట్టుకోలేదు. 8,060, తర్వాత 4,640. చివర రీకాల్‌ఇండెక్స్ -కే తో విఫలమైన ఫైళ్లను మళ్లీ ప్రయత్నించమన్నాను. 11 ఫైళ్లు, 420 పేజీలు రాలేదు. కొన్నిటికి పాస్‌వర్డ్ ఉంది, కొన్ని ఫైళ్లు సగంలోనే తెగిపోయి ఉన్నాయి.

ఇప్పటికి: 44,880 / 45,300.

వెతికేటప్పుడు ఒక సంగతి. మన విభక్తులూ బహువచనాలూ ఇండెక్స్‌కు తెలియవు. చెరువు అని వెతికితే చెరువులో, చెరువును, చెరువుకట్ట రావు. చెరువు* అని నక్షత్రం గుర్తు పెట్టి వెతకమని కౌంటర్ పక్కన కాగితం మీద రాసి అంటించాం. రోజూ వచ్చే రిటైర్డ్ మాస్టారు మొదటి రోజే అలా వెతికి, మా ఊరి చెరువు గండి పడిన సంగతి రాసిన ఒక పాత సావనీర్ పేజీ పట్టుకున్నారు. ఓసీఆర్‌లో రెండు ఒత్తులు తప్పు పడినా ఆ మాట మాత్రం సరిగ్గానే వచ్చింది.

మిగిలిన 84 ఫైళ్లు

యూనికోడ్‌కు ముందటి ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు తెరమీద చక్కటి తెలుగులా కనిపిస్తాయి. లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులే. టెక్స్ట్ ఉంది కదా అని రీకాల్ వాటికి ఓసీఆర్ చేయదు, ఆ చెత్తనే ఇండెక్స్‌లో వేసుకుంటుంది. వాటిని పట్టుకున్న తీరు:

1. ప్రతి పీడీఎఫ్‌నూ పీడీఎఫ్‌టుటెక్స్ట్‌తో టెక్స్ట్‌గా మార్చాను.
2. అందులో యూనికోడ్ తెలుగు అక్షరాలు (0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు) ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాను.
3. టెక్స్ట్ చాలా ఉండి తెలుగు అక్షరాలు దాదాపు సున్నా ఉన్నవి ఈ కోవలోవి. పీడీఎఫ్‌ఫాంట్స్‌తో ఫాంటు పేర్లు చూసి నిర్ధారించుకున్నాను.
4. కాపీలు తీసి, ఓసీఆర్‌మైపీడీఎఫ్ --ఫోర్స్-ఓసీఆర్ -ఎల్ టెల్ --జాబ్స్ 2 తో మళ్లీ చేయిస్తున్నాను. అసలు ఫైళ్లను ముట్టుకోలేదు, వాటి ఫోల్డర్‌ను స్కిప్డ్‌పాత్స్‌లో వేశాను.

ఇదీ సూచీ.స్లైస్‌లోనే నడుస్తోంది కాబట్టి తూము కోసం కొత్తగా ఏమీ రాయనక్కర్లేకపోయింది. ఈ సాయంత్రానికి 84లో 52 ఫైళ్లు అయ్యాయి, 3,900లో 2,310 పేజీలు. కోటా ఇప్పుడు 225 దగ్గర ఉంది. కౌంటర్ దగ్గర ఇద్దరున్నారు.